60 గ్రాముల బియ్యమంటే ఎన్ని గ్లాసులు? 5 గ్రాముల ఉప్పంటే ఎన్ని చెంచాలు?

ప్రశ్న: మావారికి 56 ఏళ్లు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, మాత్రలు వాడుతున్నారు. పూటకు 60 గ్రాములు, ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు అని డైటీషియన్ చీటీ రాసిచ్చారు. ఇంట్లో కాటా లేదు. కప్పు బియ్యమంటే 150 గ్రాములని ఒకచోట, 190 గ్రాములని మరోచోట చదివాను. ఏది నమ్మాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చదివిన రెండు లెక్కలూ సరైనవే, తేడా కప్పుల్లో ఉంది. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది కాబట్టి అందులో బియ్యం సుమారు 150 గ్రాములు పడతాయి. అమెరికా వంటల్లో చెప్పే కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు, అందులో సుమారు 190 గ్రాములు పడతాయి. మీ స్టీలు గ్లాసు ఈ రెండూ కాకపోవచ్చు. అందుకని కిలో బియ్యం ప్యాకెట్ విప్పి, గ్లాసు అంచుకు సమంగా పోస్తూ ఎన్ని గ్లాసులు వస్తాయో చూడండి. ఆరు వస్తే గ్లాసుకు సుమారు 165 గ్రాములు. 60 గ్రాములంటే గ్లాసులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ 60 గ్రాములు బియ్యమా, అన్నమా అన్నది చీటీలో లేదు. 60 గ్రాముల బియ్యం ఉడికాక, పోసిన నీటిని బట్టి, 150 నుంచి 180 గ్రాముల అన్నమవుతుంది. మెత్తగా వండితే బరువు పెరుగుతుంది గానీ అందులోని పిండి పదార్థం అదే సుమారు 47 గ్రాములు. బియ్యానికి చెప్పిన లెక్కను అన్నానికి అనుకుని 60 గ్రాముల అన్నమే పెడితే, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారికి షుగర్ ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు. సాధారణంగా మా డైటీషియన్లం బియ్యం లెక్కనే రాస్తాం, అయినా మీ డైటీషియన్‌కు ఫోన్ చేసి ఈ రోజే అడిగి తెలుసుకోండి. బియ్యమేనని చెబితే, ఒక్కరోజు ఆ కొలత విడిగా వండి, ఆయన గిన్నెలో ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టుకోండి. తర్వాత అందరికీ కలిపి వండినా ఆ గుర్తు వరకే వడ్డించవచ్చు.

ఇక ఉప్పు. 5 మిల్లీలీటర్ల టీస్పూను అంచుకు సమంగా పొడి ఉప్పు తీసుకుంటే దాదాపు 6 గ్రాములు తూగుతుంది, కాబట్టి 5 గ్రాములంటే ఒక టీస్పూనుకు కాస్త తక్కువ. కళ్లుప్పులో రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది గనుక అదే చెంచాలో తక్కువ తూగుతుంది. రాయి పరిమాణాన్ని బట్టి మారుతుంది కూడా. కొలత కుదిరేదాకా ఒకే రకం ఉప్పు వాడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే 5 గ్రాముల లోపు పరిమితిలో ఆవకాయ, అప్పడాలు, చల్ల మిరపకాయలు, బయట తిండిలోని ఉప్పు కూడా కలిసే ఉంటుంది. మన ఇళ్లలో లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. ప్యాకెట్ విప్పిన తేదీ దానిమీద రాయండి: నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు 50 రోజులకన్నా ముందే అయిపోతుంటే, పచ్చళ్ల సంగతి అటుంచి, వంటలోనే పరిమితి దాటుతున్నారన్నమాట.

నూనెకు ఇంత ఇబ్బంది లేదు: లీటరు సుమారు 910 గ్రాములు, టీస్పూను నాలుగున్నర గ్రాములు.

తర్వాతిసారి సంప్రదింపులకు వెళ్లేటప్పుడు మీరు వాడే గ్లాసు, చెంచా వెంట తీసుకెళ్లి, ఆ కొలతల్లోనే చీటీ రాయించుకోండి.