అనంతగిరి గాలి: మ్యాప్‌ని నమ్మాలా, ఫోన్‌ని నమ్మాలా?

ప్రశ్న: సార్, మాది అనంతగిరి దగ్గర ఊరు, ఇప్పుడు మధురవాడలో ఉంటున్నా. ఊళ్ళో కాఫీ తోట ఉంది, కరెంటు అస్తమానం పోతోందని చిన్న విండ్ టర్బైన్ పెడదామనుకుంటున్నాం. గ్లోబల్ విండ్ అట్లాస్ అని ఎక్కడ గాలి ఎంతో చూపించే ఆన్‌లైన్ మ్యాప్ ఉంది కదా, అందులో గాలి బానే చూపిస్తోంది, ఫోన్‌లో వెదర్ యాప్ చూస్తే అందులో సగం కూడా లేదు. ఏది కరెక్టు?

జవాబు: రెండూ వేరువేరు గాలులండీ. యాప్ చెప్పేది నేలకి 10 మీటర్ల పైన ఇవాళ్టి గాలి, అట్లాస్ తెరవగానే కనిపించేది 100 మీటర్ల ఎత్తులో చాలా ఏళ్ళ సగటు. మీ స్తంభం మహా అయితే 15, 20 మీటర్లు ఉంటుంది కదా, అందుకని అట్లాస్‌లో ఎత్తు 10కి మార్చి ఒకసారి, 50కి మార్చి ఒకసారి చూడండి, మీ లెక్క ఆ రెండింటి మధ్య, 10కే దగ్గరగా ఉంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, గాలి వేగం సగానికి పడితే అందులో పవర్ 8వ వంతుకి పడిపోతుంది.

ఇక కొండల సంగతి. అట్లాస్‌కి మూలం ఈఆర్ఏ5 అనే డేటా, అంటే ప్రపంచమంతటి పాత వాతావరణాన్ని గంటగంటకీ లెక్కగట్టి పెట్టిన రికార్డు, అందులో ఒక్కో గడి సుమారు 30 కిలోమీటర్లు, అంటే మన ఘాట్ రోడ్డు, బొర్రా లోయ, కింద శృంగవరపుకోట మైదానం అన్నీ ఒకటి రెండు గళ్ళలో కలిసిపోతాయి. దాన్ని డబ్ల్యూఆర్ఎఫ్ అనే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌తో 3 కిలోమీటర్ల గళ్ళకి, తర్వాత డెన్మార్క్ వాళ్ళ వాస్ప్ పద్ధతితో 250 మీటర్లకి దించుతారు. వాస్ప్ చదును నేల మీద, మెల్లగా లేచే గుట్టల మీద చక్కగా పనిచేస్తుంది, కానీ వాలు 17 డిగ్రీలు దాటాక గాలి కొండని అంటిపెట్టుకుని దిగదు, విడిపోయి సుడులు తిరుగుతుంది, ఆ లెక్క దానికి రాదు. కైలాసగిరి మీద సముద్రం వైపు అంచున నిలబడితే గాలి తోసేస్తుంది, నాలుగడుగులు వెనక్కి వచ్చి వాలు దిగితే చొక్కా కూడా కదలదు, చూసే ఉంటారు. మీ తోటలోనూ అదే కథ.

ఇంకోటి, కాఫీకి నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు ఉంటాయిగా, టర్బైన్ రెక్కలు చుట్టుపక్కల 150 మీటర్లలో ఉన్న అన్నిటికన్నా కనీసం 9 మీటర్లు పైన ఉండాలి. ఓక్‌ల మధ్య 15 మీటర్ల స్తంభం వేస్తే డబ్బు దండగే, తోటలో వద్దే వద్దు. చెట్లు లేని గట్టు శిఖరం దొరికితే అక్కడ ముందు ఎనిమోమీటర్ (గాలి వేగం కొలిచేది), కొలతల్ని దాచిపెట్టే లాగర్ ఉన్నది, పెట్టి ఏడాది కొలవండి, నైరుతి రోజుల్లో వీచే గాలి చూసి మురిసిపోతే చలికాలం రాత్రులు లోయలో ఆకు కూడా కదలదు. కొలిచిన గంటల్ని అవే గంటల ఈఆర్ఏ5తో పోల్చుకోండి, అది 1940 నుంచీ ఉచితంగా దొరుకుతుంది, మీరు కొలిచిన ఏడాది మామూలుదో కాదో తెలిసిపోతుంది.

ప్రశ్న: డబ్ల్యూఆర్ఎఫ్‌ని 16 జీబీ లాప్‌టాప్‌లో నడపొచ్చా?

జవాబు: నడుస్తుందండీ, ఫ్రీయే, లైనక్స్ కావాలి. చిన్న ఏరియాకి ఒకట్రెండు రోజుల వాతావరణం వేసి నేర్చుకోడానికి చాలు, జిల్లా మొత్తానికి ఏడాది గాలి లెక్కంటే మాత్రం క్లస్టర్, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు, ఉండాల్సిందే. మ్యాప్ చూసుకోడానికే అయితే అట్లాస్ నుంచి జియోటిఫ్ (మ్యాప్ డేటా) ఫైల్ దింపుకుని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి.