సగం పొదుపు ఒకే రిటైల్ షేరులో ఉంది, ఆడిట్ ఆగింది... యావరేజ్ చేయవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. మొత్తం పొదుపు 24 లక్షలు. అందులో 11 లక్షలు ఒకే రిటైల్ గ్రూపు షేర్లలో ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం 6.5 లక్షలకు కొన్నాను. ఈసారి గడువు దాటినా ఆడిట్ చేసిన వార్షిక ఫలితాలు రాలేదు. షేరు 30 శాతం పడింది. వాళ్ల షాపులు మాత్రం కిటకిటలాడుతున్నాయి, పెద్ద ఫండ్లు కూడా ఇందులో ఉన్నాయి. ఇంకో 3 లక్షలు పెట్టి యావరేజ్ చేద్దామా (పడిన ధరకు మరిన్ని కొని సగటు కొనుగోలు ధర తగ్గించుకుందామా)? మూడేళ్లలో అమ్మాయి ఇంజినీరింగ్‌కి 8 లక్షలు కావాలి.

జవాబు: ఆ 3 లక్షలు పెట్టకండి. ఉన్న షేర్లలో పదింట తొమ్మిది వంతులు ఈ వారమే అమ్మేయండి. మీ కంపెనీలో మోసం జరిగిందని నేను అనడం లేదు. బయట ఉన్న మనకు అది తెలిసే దారి లేదు. తెలియని చోట పొదుపులో 46 శాతం ఉంచకూడదు, అంతే.

షాపుల్లో రద్దీ ఉందన్నారు. దక్షిణాఫ్రికాలో స్టైన్‌హాఫ్ గ్రూపు షాపుల్లోనూ రద్దీ ఉండేది. 1964లో జర్మనీలో ఫర్నిచర్ వ్యాపారంగా మొదలైన ఈ సంస్థ 1998లో జొహానెస్‌బర్గ్ ఎక్స్ఛేంజీలో లిస్టయింది. ఆ తర్వాత కొంటూ పోయింది: ఫ్రాన్స్‌లో కాన్ఫొరామా, దక్షిణాఫ్రికాలో పెప్‌కోర్, 2016లో బ్రిటన్ పౌండ్‌ల్యాండ్, అమెరికా మ్యాట్రెస్ ఫర్మ్. అవన్నీ నిజమైన షాపులే. అబద్ధం పైన, మాతృసంస్థ లెక్కల్లో ఉంది.

2019లో పీడబ్ల్యూసీ అనే ఆడిట్ సంస్థ దర్యాప్తు బయటపెట్టిన పద్ధతి ఇది. స్వతంత్ర సంస్థల్లా కనిపించే, నిజానికి లోపలివాళ్లకు దగ్గరైన కంపెనీలతో లావాదేవీలు రాసుకున్నారు. పైనున్న హోల్డింగ్ కంపెనీలో లేని ఆదాయం పుట్టించి, దాన్ని ‘కాంట్రిబ్యూషన్’ పేరుతో నష్టాల్లో ఉన్న అనుబంధ సంస్థలకు పంచారు. చాలాసార్లు ఆ డబ్బు గ్రూపులోని మరో జేబులోంచే వచ్చింది. కొన్నిసార్లు అసలు రాలేదు, ‘రావాల్సిన బాకీ’గా పుస్తకంలో మిగిలిపోయింది. 2009 నుంచి 2017 వరకు ఇలాంటి లావాదేవీల విలువ 650 కోట్ల యూరోలు.

ఇన్నేళ్లు ఎలా దాగింది? ఏటా కొత్త కంపెనీ వచ్చి కలుస్తుంటే నిరుటి లెక్కతో ఈ ఏటి లెక్క పోల్చడానికి వీలుండదు. దానికి తోడు 2016లో ఆర్థిక సంవత్సరం ముగింపును జూన్ నుంచి సెప్టెంబరుకు మార్చి, 15 నెలల లెక్క ఇచ్చారు.

2017 డిసెంబరులో ఆడిటర్ డెలాయిట్ వార్షిక లెక్కలపై సంతకం పెట్టలేదు. 5వ తేదీ రాత్రి సీఈఓ మార్కస్ యూస్టె రాజీనామా చేశారు. మర్నాడు 45 రాండ్ల (దక్షిణాఫ్రికా కరెన్సీ) పైనున్న షేరు 18 లోపుకి పడింది. ‘చౌకగా దొరికింది’ అని అక్కడ కొన్నవాళ్లు మరో రెండు రోజుల్లోనే దాన్ని 10 లోపు చూశారు. 2023లో షేరు డీలిస్ట్ అయింది, అంటే ఎక్స్ఛేంజీ నుంచే తొలగిపోయింది. మీరు చేద్దామనుకుంటున్న యావరేజ్ సరిగ్గా ఇదే.

పెద్దవాళ్లు ఉన్నారన్న ధైర్యం కూడా పెట్టుకోకండి. ఛైర్మన్ క్రిస్టో వీజా తన షేర్లు తనఖా పెట్టి తెచ్చిన 160 కోట్ల యూరోల అప్పులో అంతర్జాతీయ బ్యాంకులే మునిగాయి. అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్ ఫండ్ కూడా నష్టపోయింది. యూస్టె మాత్రం నవంబరు 30నే సన్నిహితులు నలుగురికి షేర్లు అమ్మేయమని ఎస్సెమ్మెస్ పంపారని అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది. అలాంటి మెసేజ్ మీకు రాదు.

మిగిలే ఆ పదో వంతు కోసం మీ కంపెనీ వార్షిక నివేదికలు ఐదింటిని బీఎస్ఈ సైటులో తెరవండి. కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలన్నీ కలిపిన) నికర లాభాలు ఐదూ కూడండి. క్యాష్‌ఫ్లో పట్టికలో ‘ఆపరేటింగ్ యాక్టివిటీస్’ నుంచి వచ్చిన నగదు ఐదూ కూడండి. రిటైల్‌లో కస్టమర్ కౌంటర్ దగ్గరే డబ్బు కడతాడు కాబట్టి లాభం త్వరగా నగదు కావాలి. లాభం 1,000 కోట్లు, నగదు 300 కోట్లు అయితే మిగతాది ఎక్కడుందో వెతకాలి: సరుకు నిల్వలా, బాకీలా, ఎవరికో ఇచ్చిన అడ్వాన్సులా? సంబంధిత పక్షాల (కంపెనీ యాజమాన్యానికి దగ్గరైన వ్యక్తులు, సంస్థల) లావాదేవీల నోటులో అడ్వాన్సులు, అప్పులు ఏటా పెరుగుతున్నాయేమో చూడండి. బ్యాంకులో భారీ నగదు చూపిస్తూనే భారీగా అప్పు తెస్తుంటే అదీ అనుమానించాల్సిందే. ప్రమోటర్ (కంపెనీని నడిపే యజమాని వర్గం) తన షేర్లలో ఎంత శాతం తనఖా పెట్టారో షేర్‌హోల్డింగ్ పట్టికలో ఉంటుంది, అదీ చూడండి. ఆడిటర్ నివేదికలో ‘క్వాలిఫైడ్’ (లెక్కలపై అభ్యంతరం ఉంది) లేదా ‘డిస్‌క్లెయిమర్’ (అభిప్రాయం చెప్పలేం) అన్న మాట కనిపిస్తే ఆ మిగిలినవీ అమ్మేయండి.

మూడు నెలలకోసారి వచ్చే ఫలితాలు ఆడిట్ కాకపోవడం మామూలే, లిమిటెడ్ రివ్యూ (ఆడిటర్ చేసే పైపై పరిశీలన) ఉంటే చాలు. వార్షిక ఫలితాల సంగతి వేరు. సంవత్సరం ముగిశాక 60 రోజుల్లో ఆడిట్‌తో రావాలి. అందుకే మీ విషయంలో ఆలస్యాన్ని తేలిగ్గా తీసుకోలేను.

పన్ను లెక్క: 9.9 లక్షల షేర్లు అమ్మితే లాభం 4.05 లక్షలు. దీర్ఘకాలిక లాభంలో 1.25 లక్షల మినహాయింపు పోను 2.80 లక్షలపై 12.5 శాతం, సెస్సుతో కలిపి 36,400 రూపాయలు. ఈ ఏడాది ఇతర షేర్ల లాభాలు లేవనుకుని వేసిన లెక్క ఇది. సగం ఈ ఏడాది, సగం ఏప్రిల్ తర్వాత అమ్మితే 16,250 వరకు మిగులుతుంది, కానీ దానికోసం ఆగవద్దు. స్టైన్‌హాఫ్ తరహాలో ఒక్కరోజు 60 శాతం పోతే మీకు పోయేది 6.6 లక్షలు.

వచ్చిన డబ్బులో 8 లక్షలు అమ్మాయి చదువుకు రెండు బ్యాంకుల్లో మూడేళ్ల ఎఫ్‌డీలు చేయండి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంది. పన్నుకు 36,400 పక్కన పెట్టి, మిగిలింది నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో (50 పెద్ద కంపెనీల షేర్లలో పెట్టే ఫండ్) నెలనెలా వేయండి.

స్టాప్‌లాస్ (ధర ఒక స్థాయికి పడితే అమ్మేయమనే ఆర్డరు) పెట్టి కూర్చుంటానంటే కుదరదు. షేరు లోయర్ సర్క్యూట్‌లో (ఆ రోజుకు పడగల కనిష్ఠ ధర దగ్గర) ఇరుక్కుంటే కొనేవాడే ఉండడు, ఆర్డరు అలాగే ఉండిపోతుంది. వరుసగా రెండుసార్లు ఫలితాలు ఇవ్వకపోతే ఎక్స్ఛేంజీ షేరును జడ్ గ్రూపులోకి (నిబంధనలు పాటించని కంపెనీల జాబితా) మారుస్తుంది, అక్కడ కొనేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే కొనేవాళ్లున్న ఇప్పుడే, రెండు మూడు రోజుల్లో లిమిట్ ఆర్డర్లతో (మీరు చెప్పిన ధరకు తగ్గకుండా అమ్మే ఆర్డర్లు) విడతలుగా అమ్మండి.