గడువు తీరినా బాడిగ పడుతూనే ఉంది. లీజు ఉన్నట్టా, పోయినట్టా?

అన్నా, ఎర్రగుంట్ల దగ్గర మీ నాలుగెకరాలు నాపరాయి పాలిషింగ్ ఫ్యాక్టరీకి తొమ్మిదేళ్ల లీజుకు ఇచ్చినామన్నారు. మార్చిలో గడువు తీరింది, వాళ్లు కదల్లేదు, బాడిగ మాత్రం ఖాతాలో పడుతోంది. టెక్సాస్‌లో ఉన్న మీ బామ్మర్దేమో, ఆయిల్ లీజుల మాదిరి పని నడిచినన్నాళ్లూ లీజు నడుస్తుందన్నాడు.

అక్కడి ఆయిల్, గ్యాస్ లీజులకు ఆ మాట నిజమే. ముందు మూడేళ్లో ఐదేళ్లో గడువు పెట్టుకుంటారు. ఆలోపు బావి వేసి, ఖర్చులు పోను మిగిలేటంత నూనె తీస్తే, అది వచ్చినన్నాళ్లూ మళ్లీ సంతకం లేకుండానే లీజు సాగుతుంది. ఆగితే, కాగితంలో వేరే వెసులుబాటు లేకుంటే, దానంతటదే పోతుంది. అట్లా సాగేది ఆ షరతు రాసుకున్నారు కాబట్టే. మన దగ్గర పెట్రోలియం లీజు ఇచ్చేదే ప్రభుత్వం. కోనసీమలో పొలంలో బావి పడిన రైతుకు దక్కేది పైన నేలకు పరిహారమే. మీది ఉత్త నేల లీజు, దానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చూడాల.

మాకు జరిగింది చెప్తా. బేతంచెర్లలో మా నాయన రెండెకరాలు ఇట్లాగే ఫ్యాక్టరీకి ఇచ్చినాడు, రిజిస్టర్ లీజే. గడువు తీరిన మరుసటి నెల ఐదో తారీఖున ఎప్పటిలాగే పాస్‌బుక్‌లో బాడిగ పడింది. మేం ఊరుకున్నాం. అట్లా ఆర్నెల్లు. ఖాళీ చేయమని అడిగితే వాళ్లు మా ముందర చెల్లింపుల కాగితం పరిచినారు, ఆరు పద్దుల కింద స్కేలుతో గీసిన ఎర్రగీతలు. నాయన ముఖం నాకింకా గుర్తుంది.

కర్నూలు వకీలు 116వ సెక్షన్ విప్పి చెప్పినాడు. గడువు తీరినాక కూడా ఉన్నవాళ్ల దగ్గర బాడిగ తీసుకుని, ఉండనిచ్చినట్టు నడుచుకుంటే, ఒప్పందంలో వేరేగా లేనప్పుడు లీజు కొనసాగినట్టే లెక్క. ఫ్యాక్టరీకైతే ఏడాదికేడాది, ఇంటికో అంగడికో అయితే నెలనెలా. అంటే మా ఫ్యాక్టరీ వాళ్లకు 106వ సెక్షన్ కింద ఆర్నెల్ల నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. అంగడైతే 15 రోజులు చాలు. నోటీసు వాళ్లకు చేరిన రోజు నుంచే లెక్క, అందుకే నోటీసు అందినట్టు పోస్టాఫీసు ఇచ్చే రుజువు ప్రాణంలా దాచుకోండి.

నోటీసు గడువు ముగిసినాక కూడా ఒక బాడిగ పడింది. దాన్ని బాడిగగా తీసుకుంటే నోటీసును మేమే వదులుకున్నట్టు వాదించొచ్చని వకీలు భయపడినాడు. అదే వారం చెక్కు రాసి, ఉత్తరం జతచేసి, రిజిస్టర్ పోస్టులో తిప్పి పంపినాం. ఆ తర్వాతే వాళ్లు దిగొచ్చినారు.

మీ పత్రంలో రెన్యువల్ మాట ఉంటే, ఎన్ని రోజుల ముందు, ఎట్లా అడగాలని రాసుందో చూడండి. వాళ్లు అట్లా అడిగినారా అన్నదే ముఖ్యం. ఇంకో ఐదేళ్లు ఇవ్వాలనుకున్నా తెల్లకాగితం మీద రాసుకోవద్దు, ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదు. కోపంలో గేటుకు తాళం మాత్రం వేయొద్దన్నా. బలవంతంగా వెళ్లగొట్టినారని ఆర్నెల్లలోపు దావా వేసి వాళ్లే స్వాధీనం తిరిగి పొందొచ్చు.

ఇంకొకటి. మా ఫ్యాక్టరీ వాళ్లు పోతూ పాలిషింగ్ రాతిబురద నడుములోతు వదిలేసి పోయినారు. ఎత్తేయాలన్న షరతు మా పత్రంలో లేదు. కొత్తగా రాసుకునేటట్టయితే అది మొదట రాయించండి.