మూడు రాజ్యాల ముక్కలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: బరంపురంలో చదువుకుంటున్న మా అన్నయ్యగారి అబ్బాయి, హాస్టల్‌లో ఒక సీనియర్ దగ్గర చైనీస్ లిపిలో ఉన్న మ్యాజిక్ (‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అనే ముక్కలాట) కార్డులు కొన్ని కొన్నాడు. అంచులు తెల్లగా ఉన్నాయి, అడుగున సన్నని అక్షరాల్లో 1999 అని ఉంది. ఇవి అసలువేనా? వీటితో పోటీల్లో ఆడనిస్తారా? మా ఇంట్లో ఒడిశా సంప్రదాయ ఆట గంజపా తప్ప వేరే ముక్కలాట ఎరగము. దయచేసి వివరించగలరు. (ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి అవి ‘పోర్టల్ త్రీ కింగ్‌డమ్స్’ అనే సంపుటిలోవి కావచ్చు. కొత్తవారికి ఆట నేర్పడానికి 1997లో మొదలైన పోర్టల్ వరుసలో ఇది మూడవది. 180 ముక్కల ఈ సంపుటిని ప్రధానంగా ఆసియా ఆటగాళ్ల కోసం రూపొందించి, చైనీస్ రెండు లిపులలోనూ, జపనీస్‌లోనూ అచ్చు వేశారు. ఇంగ్లీషు ప్రతులు మాత్రం చాలా కొద్దిగా వచ్చాయి.

గంజపాలో ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 96 ముక్కలు ఉంటే, ఆ ఒక్క పేకనే అందరూ పంచుకుని ఆడతారు. ఇక్కడ ఎవరి పేకను వారే కూర్చుకుని వస్తారు కాబట్టి, ఏ ముక్క ఏం చేస్తుందో తెలియడమే సగం ఆట. చైనా చదువరులకు చిన్ననాటి నుంచీ తెలిసిన మూడు రాజ్యాల కథను ఇందుకే ఎంచుకున్నారని నా అభిప్రాయం. ఆ కథలో లియు బెయ్, గువాన్ యు, జాంగ్ ఫెయ్ ప్రాణం పెట్టే ముగ్గురు ప్రమాణ సోదరులు. ముక్కల్లోనూ మిగిలిన ఇద్దరిలో ఏ ఒక్కరు తోడున్నా లియు బెయ్ బలం పెరుగుతుంది. ఇంకా ముచ్చటైనది ‘లక్ష బాణాల అరువు’ ముక్క. లియు బెయ్ వ్యూహకర్త జుగె లియాంగ్ పొగమంచులో గడ్డి నింపిన పడవలను శత్రువు శిబిరం వైపు నడిపించి, వారు వేసిన బాణాలనే గుచ్చుకుని తెచ్చిన ఘట్టం అది. ఆటలో, ప్రత్యర్థి జీవుల ముక్కల్లో ఎన్ని అడ్డంగా తిప్పి, అంటే ట్యాప్ అయి, ఉంటే అన్ని కొత్త ముక్కలు మీరు తీసుకుంటారు. దాడికి దిగిన జీవి ముక్కను మామూలుగా అలా తిప్పుతారు కాబట్టి, వాడి దాడే మీకు ఆదాయమన్నమాట!

అసలువో కావో చూడాలంటే ముందు వెనకవైపు చూడండి. ముందు ఏ భాష ఉన్నా, మ్యాజిక్ ముక్కల వెనకవైపు ఇంగ్లీషులో ఒకే తీరుగా ఉంటుంది. తరువాత, అసలుదని మీకు నమ్మకమున్న మరొక ముక్కను పక్కన పెట్టుకుని, రెండింటి వెనుకా టార్చి వెలిగించి వెలుతురు ఒకే తీరుగా వస్తోందో లేదో పోల్చండి. వంచి చూడమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి, పాత ముక్క మడత పడితే బాగు చేయలేము. ఇక పోటీల విషయానికి వస్తే, అధికారిక పోటీల్లో ఏ భాషలోని అసలు ముక్కనైనా అనుమతిస్తారు. 2005 అక్టోబరు 20 నుంచి పోర్టల్ సంపుటాలకు, పాత ముక్కలతోనూ ఆడనిచ్చే వింటేజ్, లెగసీ అనే పోటీ విభాగాల్లో ప్రవేశం దొరికింది.

ప్రశ్న: ఈ ముక్కల్లో గుర్రపు స్వారీ అనే శక్తి ఉందట. ఎగిరే శక్తికీ దీనికీ తేడా ఏమిటి? (ఒక విద్యార్థిని, రాయగడ)

జవాబు: పద్ధతి ఒక్కటే, దారులు వేరు. రౌతును మరో రౌతు మాత్రమే అడ్డుకోగలడు, రెక్కలున్న జీవి కూడా ఆపలేదు. ఈ శక్తి దాదాపు ఈ సంపుటికే పరిమితం కావడంతో, ఇతర సంపుటాల ముక్కలతో ఆడే ప్రత్యర్థి ముందు రౌతులకు అడ్డే ఉండదు.

ప్రశ్న: మళ్ళీ అచ్చు వేస్తే పాతవాటి ధర పడిపోదా? (ఒక పాఠకుడు, జయపురం)

జవాబు: ఆట కోసమే కొనేవారు కొత్త ప్రతితో తృప్తిపడతారు కాబట్టి కొంత తగ్గడం సహజం. ఈ సంపుటిలోని ముక్కల్లో ‘త్రీ విజిట్స్’ 2020లోనూ, ‘ఇంపీరియల్ సీల్’ 2022లోనూ కొత్త సంపుటాల్లో తిరిగి వచ్చాయి. సేకరణకర్తలు మాత్రం 1999 నాటి ప్రతినే, అదీ అంచులు అరగనిదాన్నే అడుగుతారు. కాబట్టి అమ్మే ఆలోచన ఉన్నా లేకున్నా ముందు ఒక్కొక్కదానికీ ప్లాస్టిక్ తొడుగు వేయించండి.