దానంగా ఇచ్చిన రక్తాన్ని ఎందుకు విడదీస్తారు?

రక్తహీనతతో ఉన్న మీ నాన్నగారి కోసం రక్తం ఇస్తే, అందులోని ఎర్ర కణాలను మాత్రమే ఎక్కించారనీ, మిగిలినది ఏమవుతుందో తెలియడం లేదనీ రాశారు. బ్లడ్ బ్యాంకులో 11 ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, మీరు ఇచ్చినదేదీ వృథా చేయడం కోసం ఆ పని చేయలేదు.

రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. సంచిలో ముందుగానే పోసి ఉంచే ద్రావణంలోని సిట్రేట్ ఆ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కనుక రక్తం ద్రవంగానే నిలుస్తుంది. ఆ సంచిని సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి తీస్తే అడుగున ముదురు ఎరుపు, పైన ఎండుగడ్డి రంగు ద్రవం, రెండింటి మధ్య మీగడలాంటి పలుచని పొర కనిపిస్తాయి. పైనున్నది ప్లాస్మా, రక్తంలో సుమారు 55 శాతం అదే. అందులో 90 శాతానికి పైగా నీరే అయినా, నీటిని రక్తనాళాల్లో నిలిపే ఆల్బుమిన్, రోగాలతో పోరాడే యాంటీబాడీలు, గాయం దగ్గర వలలా అల్లుకునే ఫైబ్రినోజెన్ అందులోనే ఉంటాయి. మీగడలాంటి పొరలో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు ఉంటాయి. అడుగున ఉన్న ఎర్ర కణాలు శరీరంలో దాదాపు 120 రోజులు బతుకుతూ, హిమోగ్లోబిన్ సాయంతో ప్రాణవాయువును మోస్తాయి.

మీ నాన్నగారికి కావలసింది ఆ మోసే శక్తే. పెద్ద వయసులో అవసరం లేని ప్లాస్మా కూడా ఎక్కిస్తే గుండె మీద భారం పడవచ్చు. ఆ ప్లాస్మా, రక్తం సరిగా గడ్డకట్టని కాలేయ రోగి వంటివారికి పనికి వస్తుంది.

ఇంకో కారణం నిల్వ. ఎర్ర కణాలను 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో, కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు ఉంచవచ్చు. ప్లాస్మాను మంచులా ఘనీభవింపజేసి దాస్తాము. ప్లేట్‌లెట్లను మాత్రం 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆగకుండా ఊపుతూ ఉంచాలి. అయినా సాధారణంగా 5 రోజులకు మించి పనికిరావు.

డెంగీ రోజుల్లో ఒక రాత్రి, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్న కొడుకు కోసం ఒకాయన మంచుముక్కలు నింపిన డబ్బా పట్టుకుని వచ్చారు. ప్లేట్‌లెట్ల సంచిని అందులో పెట్టబోతుంటే ఆపి, ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి మెల్లగా వంచి చూపించాను. లోపల పొగ సుడి తిరిగినట్టు సన్నని మెరుపు కదిలింది. ప్లేట్‌లెట్లు బిళ్లల్లా చదునుగా ఉన్నప్పుడే ఆ మెరుపు ఉంటుందనీ, చలికి వాటి ఆకారం మారిపోతుందనీ, అలాంటి వాటిని ఎక్కించినా శరీరం త్వరగా తొలగించేస్తుందనీ వివరించాను. ఆయన డబ్బాను మా బల్ల కిందే వదిలేసి, సంచిని కండువాలో చుట్టుకుని వెళ్లారు.