రోజూ ట్రైన్‌లో పోయొచ్చే పాపకు ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా?

ధర్మవరం నుంచి ఒక అన్న అడిగినాడు (2022లో జిల్లా మారింది కానీ మనకు ధర్మవరం అంటే ఇంకా అనంతపురం జిల్లానే). మగ్గం నేస్తాడంట, పాప అనంతపురంలో ఇంజనీరింగ్ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఫస్టియర్, పొద్దున ట్రైన్‌కి పోయి సాయంత్రానికి ఇంటికొస్తుంది, బాబు తొమ్మిదో తరగతి. చేతిలో 50 వేలున్నాయి, బావమరిదేమో ల్యాప్‌టాప్ లేకుంటే పాపకు ఉద్యోగమే రాదంటున్నాడు, "ఒకటే కొనగలను సార్, ఏది కొనాల" అని.

అన్నా, మీ బావమరిది మాట థర్డియర్‌కి కరెక్టే, ఇప్పటికి కాదు. మొదటి రెండేళ్లు పాప చేసేది సి, డేటా స్ట్రక్చర్స్, పైథాన్, జావా, ఇవన్నీ ఏ మామూలు కంప్యూటర్‌లోనైనా నడుస్తాయి, కాలేజీలో ల్యాబ్ ఎట్లాగూ ఉంటుంది. ల్యాప్‌టాప్ అక్కర పడేది ఇంటర్న్‌షిప్ అనీ హ్యాకథాన్ (ప్రోగ్రామింగ్ పోటీ) అనీ ఊరు దాటి పోయేటప్పుడు. ఫస్టియర్‌లోనే కొన్నోళ్లను చానా మందిని చూసినా, సరిగ్గా క్యాంపస్ డ్రైవ్‌లు మొదలయ్యే టైముకి బ్యాటరీ గంట కూడా నిలబడదు, ప్లగ్గు ఎక్కడుందా అని వెతుక్కుంటా కూర్చుంటారు. పోయిన మే నెలలో ఒక పిల్లోడు వచ్చినాడు, ల్యాప్‌టాప్ దానంతటదే ఆఫ్ అయిపోతాంది సార్ అని. ఎక్కడ పెట్టుకుని వాడతావురా అంటే మంచం మీద, బొంత మీద అన్నాడు. గాలి పోయే కంతలు చానా వాటికి కిందనే ఉంటాయి, అవి బొంతలో మూసుకుపోయినాయి, పైన మన అనంతపురం ఎండ, ఇంకేం చేస్తుంది పాపం అది.

అందుకే నేనైతే ఇప్పుడు డెస్క్‌టాప్ అంటా. అదే డబ్బుకు పెద్ద స్క్రీన్, మంచి ప్రాసెసర్ వస్తాయి, తర్వాత ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) పెంచుకోవచ్చు, ఏ పార్టు పోతే ఆ పార్టే మార్చుకోవచ్చు. మా ఇంట్లో దానికి ఒకరోజు ఫ్యాన్ తిరుగుతాంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. మా వీధిలో మెకానిక్ వచ్చి పక్క మూత ఇప్పి, ర్యామ్ పీకి, జేబులోంచి పెన్సిల్ రబ్బర్ తీసి ఆ బంగారు రంగు గీతల మీద నాలుగు సార్లు రుద్ది మళ్లీ నొక్కినాడు, వచ్చేసింది. టీ తాగి 200 తీసుకుని పోయినాడు. ల్యాప్‌టాప్‌కి ఇట్లాంటి వైద్యం కష్టం, కొన్నిట్లో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది.

ఒక మాట, మగ్గం ఉన్న గదిలో మాత్రం పెట్టొద్దు. ఆ నూగు అంతా ఫ్యాన్‌లోకి పోయి చిన్న దిండు మాదిరి పేరుకుంటుంది. యూపీఎస్ కూడా కచ్చితంగా కొనండి, 600 వీఏది చాలు, కరెంట్ పోయినాక పది పదిహేను నిమిషాలు ఇస్తుంది, సేవ్ చేసుకుని ఆపడానికి సరిపోతుంది. గంటల తరబడి కోత పడే ఊర్లో ల్యాప్‌టాపే మేలు కదా అంటే అవును, ఆ ఒక్క విషయంలో దానిదే గెలుపు. వెబ్‌క్యామ్, మైకు కూడా లెక్కలో వేసుకోండి, ఆన్‌లైన్ టెస్టులు కెమెరా ముందర రాయాల్సి వస్తుంది.

సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ చూపిస్తే వద్దనను, ఆఫీసుల నుంచి వచ్చినవి గట్టిగానే ఉంటాయి, కానీ ప్రాసెసర్ నంబర్ చూడండి. ఐ5-6500 అని ఉంటే ఆ 6 అనేది జనరేషన్, అంటే ఎన్నో తరందో చెప్పే అంకె, 8500 అంటే ఎనిమిది, 10400 అంటే పది. ఇంటెల్‌లో ఎనిమిది కంటే తక్కువది అయితే విండోస్ 11 సరిగ్గా పడదు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఎస్ఎస్‌డీ (వేగంగా నడిచే స్టోరేజ్) ఉండాల, ర్యామ్ 16 జీబీ ఉంటే మంచిది, రేపు పాప ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వేస్తే 8లో ఈడ్చుకుంటా నడుస్తుంది.

ఇంకోటి, ఇది కంప్యూటర్ సమస్య కాదు, ఇంటి సమస్య. పాప అలసిపోయి వచ్చేసరికి బాబు గేమ్‌లో కూర్చుని ఉంటాడు, లేవరా అంటే ఇంకో ఐదు నిమిషాలంటాడు, పాపేమో సర్లే అని ఫోన్‌లోనే వీడియో చూసి పడుకుంటుంది. ఏడు నుంచి పది దాకా పాపదే అని మీరే ముందే చెప్పండి, ఇద్దరికీ చెరొక యూజర్ అకౌంట్ పెట్టించండి.

పాప హాస్టల్‌కి మారే ఆలోచన ఏమైనా ఉంటే నేను చెప్పిందంతా పక్కన పెట్టి ల్యాప్‌టాపే కొనండి, హాస్టల్ గదిలో డెస్క్‌టాప్ పెట్టుకుంటే అవస్థ పడాల్సి వస్తుంది. లేదంటే డెస్క్‌టాప్ కొనంగా మిగిలినది కదపకుండా ఉంచి, థర్డియర్‌కి దానికి కొంచెం కలుపుకుని ల్యాప్‌టాప్ చూద్దాం. షాపుకి పోయేటప్పుడు పాపను కూడా తీసుకుపోండి, ఆ ప్రాసెసర్ నంబర్ తననే చదవనీయండి.