అప్పులో పిల్లలు

విజయనగరం

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. ‘తెలుగు సాహిత్యంలో అప్పు’ అని పేరు పెట్టి, గౌరన దగ్గర మొదలుపెట్టి కాళీపట్నం రామారావు మాస్టారి దాకా వచ్చావు. బాగా కష్టపడ్డావు. కానీ ప్రతి పుస్తకం దగ్గరా కాసేపు ఆగి, ‘ఇక్కడా అప్పు ఉంది’ అని చెప్పి ముందుకు వెళ్ళిపోయావు. అప్పు లేని కాలం ఏది? ఒకే విషయం నాలుగు పుస్తకాల్లో కనబడిందంటే మన పని అప్పుడే మొదలైందన్నమాట. ఒక్కో రచయిత దాన్ని ఎక్కడిదాకా తీసుకెళ్ళి వదిలాడో చూడాలి.

నీ వ్యాసంలోనే దానికి దారి ఉంది. పెద్దల్ని కాసేపు పక్కన పెట్టి పిల్లల్ని చూడు.

హరిశ్చంద్రుడి కథని గౌరన పదిహేనో శతాబ్దంలో ద్విపదలో రాశాడు. జనానికి ఎక్కువ తెలిసింది మాత్రం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్య హరిశ్చంద్ర’ నాటకం. మాట ఇచ్చింది తండ్రి. కాశీలో తల్లితో పాటు అమ్ముడుపోయింది లోహితాస్యుడు. పాము కరిచి చచ్చిపోయిందీ వాడే. చివరికి దేవతలు దిగొచ్చి బతికించారు. ఎంత కష్టమొచ్చినా రుణం తీర్చడమే ధర్మమని నమ్మిన కథ అది. అలాంటప్పుడు పిల్లవాణ్ణి తిరిగివ్వకపోతే ఆ ధర్మానికే మాట పోతుంది.

గురజాడ దగ్గరికి వచ్చేసరికి దేవతలు లేరు. ‘కన్యాశుల్కం’ 1892లో మన ఊళ్ళోనే మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయినప్పుడు ఆయన రాసిన ముందుమాట చదివావా? నీ వ్యాసంలో దాని ఊసే లేదు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో శుల్కం, అంటే డబ్బు, తీసుకుని పిల్లనిచ్చిన పెళ్ళిళ్ళని విజయనగరం మహారాజా వారు లెక్క రాయిస్తే 1,034 తేలాయట. వాటిలో ముగ్గురు పెళ్ళికూతుళ్ళకి ఏడాది వయసు. ఆ పసిపిల్లల ఖరీదు 350 నుంచి 400 రూపాయలు. ఆ అంకెలు చదివాక, నాటకంలో తండ్రి డబ్బుకోసం ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోయిన సుబ్బి ఒక్క ఇంటి పిల్లలా కనబడదు. నాటకమంతా సుబ్బి పెళ్ళి చుట్టూ తిరుగుతుంది, సుబ్బి మాత్రం మనకి దాదాపు కనబడదు. ఆ పిల్లని కాపాడింది మేనమామ కరటకశాస్త్రి. శిష్యుడికి ఆడవేషం కట్టి, ఆ ముసలాడికే అమ్మేసి కాపాడాడు. మనిషి తెలివి ఒక పిల్లని గట్టెక్కించగలదని గురజాడకి ఇంకా నమ్మకం ఉంది.

1966లో వచ్చిన రామారావు మాస్టారి కథ ‘యజ్ఞం’లో ఆ నమ్మకమూ లేదు. పంచాయితీ న్యాయంగానే నడుస్తుంది, పెద్దమనిషి మంచివాడే, అప్పు నిజమే. అప్పుపడ్డ అప్పల్రాముడు ఒప్పుకుంటాడు కూడా. అయినా అతని కొడుకు సీతారాముడు, తన పిల్లవాడు రేపు ఇంకొకరి దగ్గర బానిస కాకూడదని చేజేతులా చంపుకుంటాడు. ఆ ముగింపు మీద విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. లోహితాస్యుణ్ణి పక్కన పెట్టుకుని చదివితే ఆ వాదనలన్నీ నాకు చిన్నవిగా తోస్తాయి. అప్పు తీర్చడమే ధర్మమన్న మాటని, అంత పాత మాటని, మాస్టారు ఆ పసివాడి శవం ముందు నిలబెట్టి అడిగారు. మన తెలుగు కథ అంతకంటే పెద్ద ప్రశ్న వేసిందని నేననుకోను.

చాసో ‘వాయులీనం’ నీ వ్యాసంలోంచి తీసెయ్యి. గొప్ప కథే, నాకు ప్రాణం. కానీ అక్కడ అమ్ముడుపోయింది వాయిద్యం. ఇందులో ఇరికిస్తే రెండూ చెడతాయి. దాని మీద విడిగా రాద్దువుగాని.

నువ్వుండేది శ్రీకాకుళంలోనే కాబట్టి కథానిలయానికి వెళ్ళు. మాస్టారు 1997లో పెట్టిన ఆ ఇంట్లో పాత పత్రికలున్నాయి. ‘యజ్ఞం’ తర్వాత వచ్చిన కథల్లో, మన రెండు జిల్లాల వాళ్ళు రాసినవి ముందు తిరగెయ్యి. తండ్రి అప్పు కోసం బడి మానేసిన పిల్లలు, వలసబండి ఎక్కిన పిల్లలు దొరుకుతారేమో చూడు. వాళ్ళ చేత మాట్లాడించిన కథ ఒక్కటి దొరికినా దాన్ని వ్యాసం చివర పెట్టకు. దానితోనే మొదలుపెట్టి వెనక్కి రా. ఆ కథ జిరాక్సు తీయించి నాకూ ఒకటి పంపు.